ఓపెన్ వరల్డ్ ఆటల్లో డైనమిక్ క్వెస్టులు: మా బెజవాడ ఆదివారం బ్యాచ్‌కి పదేపదే వచ్చే ప్రశ్నలు

ఆదివారం సాయంత్రాలు పటమటలో ఒక మేడ మీద మేం పదిమందిమి ల్యాప్‌టాప్‌లు తెరుచుకుని కూర్చుంటాం. కానూరు, వడ్డేశ్వరం వైపు కాలేజీల నుంచి కొత్తవాళ్ళు వస్తుంటారు, గుంటూరు నుంచి ఇద్దరు రైలెక్కి వస్తారు. కృష్ణ ఒడ్డు, మూడు కాలవలు, నాలుగు లంకలు ఉన్న ఒక ఓపెన్ వరల్డ్ ఆట (ప్లేయర్ తన ఇష్టమొచ్చిన చోటికి తిరగగలిగేది) తయారుచేస్తున్నాం. పేరు ఇంకా కుదరలేదు. కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళూ అవే సందేహాలు అడుగుతున్నారు, చెప్పి చెప్పి నా గొంతు పోతోంది. అందుకే ఇది రాశాను. ప్రశ్నలు వాళ్ళు అడిగిన మాటల్లోనే ఉంచాను. మీకు కావాల్సిన దగ్గర తెరిచి చదువుకోండి.

## మొదలుపెట్టకముందు

అన్నా, డైనమిక్ క్వెస్ట్ అంటే అసలేంటి? మామూలు సైడ్ క్వెస్ట్‌కీ దీనికీ తేడా ఏంటి?

క్వెస్ట్ అంటే ఆటలో ప్లేయర్‌కి అప్పజెప్పే పని. మామూలు క్వెస్టులో ఎవరు అడుగుతారు, ఏం తెమ్మంటారు, ఎక్కడికి పంపుతారు అన్నదంతా రచయిత ముందే రాసి పెడతాడు. మీరు ఆడినా మీ తమ్ముడు ఆడినా అదే. డైనమిక్ క్వెస్టులో మనిషి, చోటు, వస్తువు, కారణం, గడువు వీటిలో కొన్నయినా ఆట నడుస్తుండగా, అప్పటి పరిస్థితిని బట్టి నిండుతాయి.

శుభలేఖ అచ్చు ఒకటే ఉంచి పేర్లు మార్చి కొట్టిస్తారు చూడండి, చాలా ఆటలు అక్కడే ఆగిపోతాయి. ఆ పెళ్ళి ఎందుకు కుదిరింది, ఎవరికి ఇష్టం లేదు, ముహూర్తం తప్పితే ఏమవుతుంది అన్నది కూడా ఆటే తేల్చుకోగలిగితే అప్పుడు నేను దాన్ని డైనమిక్ అంటాను.

స్కైరిమ్‌లో "ఫలానా గుహలో బందిపోటు నాయకుణ్ని చంపు" అని ఊరూరా వస్తాయే, అవేనా ఇవి?

అవీ ఇవే. కానీ ఆ ఆటలో ఉన్నవాటిలో నీరసమైనవి అవే. 2011లో వచ్చిన స్కైరిమ్‌లో ఈ ఏర్పాటు పేరు రేడియంట్ స్టోరీ. లోపల స్టోరీ మేనేజర్ అనేది ఒకటి ఉంటుంది. ఎవరో చనిపోయారు, ప్లేయర్ ఫలానా చోటికి వచ్చాడు, ఒక వస్తువు కింద పడేశాడు లాంటి సంఘటనలు దానికి చేరతాయి. అది షరతులు చూసి సరిపోయే క్వెస్ట్ మొదలుపెడుతుంది. క్వెస్టులో ఖాళీ పాత్రలు ఉంటాయి, వాటిని ఏలియాస్‌లు అంటారు. తప్పనిసరి పాత్ర ఒక్కటి నిండకపోయినా ఆ క్వెస్ట్ అసలు మొదలవదు.

దీని అసలు సత్తా చిన్నచిన్న చోట్ల కనపడుతుంది. మీతో స్నేహంగా ఉన్న మనిషి చనిపోతే కొన్నాళ్ళకి వార్తాహరుడు వెతుక్కుంటూ వచ్చి మీకు రాసిపెట్టిన ఆస్తి ఉత్తరం ఇస్తాడు. ఎవరింట్లోనో దొంగతనం చేస్తే తర్వాతెప్పుడో కిరాయి గూండాలు దారి కాస్తారు, వాళ్ళ జేబులో కిరాయి ఇచ్చినవాడి పేరున్న చీటీ దొరుకుతుంది. "గుహకెళ్ళి చంపిరా" కన్నా ఇవి వందరెట్లు నయం. మీరు చేసిన పనికి జవాబుగా వస్తాయి కాబట్టి.

ఇది కొత్త టెక్నాలజీనా?

కాదు, మీలో చాలామంది కంటే వయసులో పెద్దది. 1996లో వచ్చిన డాగర్‌ఫాల్‌లో గిల్డు (సంఘం) పనులన్నీ టెంప్లేట్లే, అంటే ఖాళీలు నింపే అచ్చులే. మనిషి, ఊరు, వస్తువు ఆటే నింపి, ఇన్ని రోజుల్లో తిరిగి రావాలని గడువు పెట్టేది. 2007లో స్టాకర్ ఆట ప్లేయర్ కనుచూపు దాటినా బతుకు సాగించే మనుషుల్ని చూపించింది. 2008లో లెఫ్ట్ ఫర్ డెడ్ ఉత్కంఠ ఎప్పుడు పెంచాలో ఎప్పుడు తగ్గించాలో చూసుకునే "డైరెక్టర్" అనే ప్రోగ్రామ్‌ని పెట్టింది. 2012లో గిల్డ్ వార్స్ 2 ఒక సంఘటన గెలిస్తే ఒకలా, ఓడితే ఇంకోలా ముందుకు సాగే గొలుసులు తెచ్చింది. 2014లో షాడో ఆఫ్ మోర్డార్ మిమ్మల్ని గుర్తుపెట్టుకునే శత్రువుల్ని తెచ్చింది. ఆలోచన పాతది, సరిగ్గా చేసినవాళ్ళు మాత్రం ఇప్పటికీ తక్కువే.

నెమెసిస్ సిస్టమ్‌కి పేటెంట్ ఉందంట కదా, అలాంటిది చేస్తే కేసు వేస్తారా?

షాడో ఆఫ్ మోర్డార్‌లో శత్రువులు మిమ్మల్ని గుర్తుపెట్టుకునే ఏర్పాటే నెమెసిస్. దాని మీద వార్నర్ బ్రదర్స్‌కి 2021 ఫిబ్రవరిలో అమెరికా పేటెంట్ వచ్చింది. ఆ ఆట చేసిన మోనోలిత్ స్టూడియోని 2025లో మూసేశారు, పేటెంట్ మాత్రం అలాగే ఉంది. "శత్రువుకి జ్ఞాపకం ఉండటం" అన్న ఆలోచన మొత్తం వాళ్ళ సొత్తు కాదు. పేటెంటులో క్లెయిములుగా రాసిన నిర్దిష్టమైన పద్ధతి వరకే హక్కు. భారత చట్టంలో సెక్షన్ 3(కె) ప్రకారం కేవలం కంప్యూటర్ ప్రోగ్రామ్‌కి పేటెంట్ ఇవ్వరు. అయితే మీరు స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో అమ్మితే అమెరికాలోనూ అమ్మినట్టే. కాలేజీ ప్రాజెక్టుకి ఇదంతా ఆలోచించనక్కర్లేదు. డబ్బులకి అమ్మే రోజు వస్తే లాయర్‌ని అడగండి, నన్ను కాదు.

ఏ ఆటలు ఆడి నేర్చుకోమంటారు? నా ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు లేదు.

లేకపోయినా పర్లేదు. డాగర్‌ఫాల్‌ని 2009 నుంచి ఉచితంగా ఇస్తున్నారు. అభిమానులు దాన్ని యూనిటీ అనే ఇంజిన్ (ఆటలు కట్టే సాఫ్ట్‌వేర్) మీద మళ్ళీ కట్టిన డాగర్‌ఫాల్ యూనిటీ కూడా ఉచితమే. అందులో క్వెస్ట్ ఫైళ్ళు మామూలు టెక్స్టుగా తెరుచుకుంటాయి, చదివితే సగం పాఠం అయిపోతుంది. డ్వార్ఫ్ ఫోర్ట్రెస్ బొమ్మల్లేని పాత రూపం ఉచితం. 2010 నాటి మౌంట్ అండ్ బ్లేడ్ వార్‌బ్యాండ్ పాత మిషన్ల మీద కూడా నడుస్తుంది.

ఊరికే ఆడితే లాభం లేదు. పక్కన నోటుపుస్తకం పెట్టుకోండి. ఒక్కో క్వెస్ట్ వచ్చినప్పుడల్లా "ఇది ఇప్పుడే, నాకే ఎందుకు వచ్చింది?" అని ఒక లైను రాయండి. జవాబు దొరకని క్వెస్టుల్ని ఎర్రసిరాతో కొట్టేయండి. పేజీ అంతా ఎర్రగా ఉంటే ఆ ఆట నుంచి నేర్చుకోవాల్సింది ఏం చేయకూడదన్నదే.

## కాగితం మీద ఉన్నప్పుడు

ఎక్కడ మొదలుపెట్టాలి? ముందు క్వెస్టులు రాయాలా, ముందు లోకం కట్టాలా?

లోకం. ఇందులో నాకు రెండో మాట లేదు.

2024 సెప్టెంబరు మొదటి వారం ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళకి దీన్ని వేరే చెప్పక్కర్లేదు. బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది, కొట్టుకొచ్చిన పడవలు గేట్లని గుద్దుకున్నాయి. ఆ నాలుగు రోజుల్లో ఎన్ని పనులు పుట్టాయో గుర్తు తెచ్చుకోండి. మేడ మీదున్నవాళ్ళకి పాల ప్యాకెట్లు అందించడం, ముసలివాళ్ళని పడవెక్కించడం, ఫోన్ చార్జింగ్ అయిపోయిన మనిషి క్షేమం కనుక్కుని చుట్టాలకి చెప్పడం, డ్రోన్లకి అన్నం పొట్లాలు కట్టి పంపడం. వీటిలో ఒక్కటి కూడా ఎవరూ ముందే రాసి పెట్టలేదు. నీళ్ళు పెరిగాయి, పాలబండి రాలేదు, రెండో అంతస్తులో పసిబిడ్డ ఉంది. అంతే, పని పుట్టింది.

ఆటలోనూ క్వెస్ట్ అలాగే పుట్టాలి. మనిషికి ఒకటి కావాలి, లోకం దాన్ని అడ్డుకుంటోంది, ఆ మధ్య ఖాళీయే క్వెస్ట్. కాబట్టి ముందు లోకంలో కదిలే సంగతులు రాసుకోండి. మా ఆటలో ఆరే ఉన్నాయి: నీటిమట్టం, ప్రతి ఊరి బియ్యం నిల్వ, మిర్చి ధర, ఏ దారి తెరిచి ఉంది, ఎవరికి ఎవరంటే పడదు, ఎవరు ఎవరికి బాకీ. ప్రతి మనిషికీ రెండు కోరికలు. ఇంతతోనే రేవు దగ్గర రోజుకో గొడవ తయారవుతోంది.

మేం మొదట టెంప్లేట్లే రాశాం. తర్వాత లోకాన్ని వాటికి సరిపెట్టలేక ఏడు నెలలు తిప్పలు పడి మొత్తం పారేశాం.

నేను 50 టెంప్లేట్లు రాసుకొచ్చా. సరిపోతాయా?

ఎక్కువే. "తీసుకురా, ఇచ్చిరా, చంపిరా, కాపాడు, కనుక్కునిరా" అన్న ఐదారు పనులకే రకరకాల చొక్కాలు తొడిగి ఉంటారు. పనుల్ని కాదు, కారణాల్ని లెక్కపెట్టండి. 2011లో జొనాథన్ డోరన్, ఇయాన్ పార్బెరీ అనే ఇద్దరు పరిశోధకులు నాలుగు ఆన్‌లైన్ ఆటల క్వెస్టులు విడగొట్టి చూస్తే, అడిగేవాడి కోరికలు తొమ్మిది రకాలుగా తేలాయి: తెలుసుకోవడం, సుఖం, పరువు, మనశ్శాంతి, రక్షణ, గెలుపు, డబ్బు, నేర్పు, సామాను.

మన ఊరి మనుషుల్ని ఈ తొమ్మిదింట్లో సర్ది చూడండి, సరదాగా ఉంటుంది. మా అనుభవంలో పరువు ఒక్కటే సగం ఆటని నడుపుతుంది. పిల్ల పెళ్ళికి పిలవలేదని మూడేళ్ళు మాట్లాడని బాబాయి దగ్గరికి రాయబారం వెళ్ళడం ఏ డ్రాగన్‌తో పోట్లాటకీ తీసిపోదు.

కంప్యూటర్ పదివేల క్వెస్టులు పుట్టించగలదు కదా, ఎందుకు తక్కువ చాలంటారు?

కేట్ కాంప్టన్ అనే ఆవిడ దీనికి ఒక మంచి పోలిక చెప్పింది: పదివేల గిన్నెల ఓట్స్ జావ. లెక్క ప్రకారం ఏ రెండు గిన్నెల్లోనూ గింజలు ఒకేలా పడవు, కానీ తినేవాడికి అన్నీ జావే. మనం ఇడ్లీ అనుకుందాం. మీ హోటల్లో పదివేల ఇడ్లీలూ కొలతల్లో వేరువేరే అని బోర్డు పెడితే ఎవడూ రాడు. చట్నీ మార్చండి, వస్తాడు. ఫాల్అవుట్ 4లో ప్రెస్టన్ గార్వీ "ఇంకో సెటిల్‌మెంటుకి మీ సాయం కావాలి" అని అడిగి అడిగి ఇంటర్నెట్టంతా నవ్వులపాలయ్యాడు పాపం. ఆట తప్పు ఆయన మీద పడింది.

ఇరవై గంటల ఆటకి, ప్లేయర్‌కి గుర్తుండిపోయే 30 సందర్భాలు చాలు.

మెయిన్ స్టోరీని కూడా డైనమిక్‌గా చేసేద్దామా?

వద్దు. బుర్రకథ చూసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. నడిమి కథకుడు చెప్పే వీరగాథ మారదు. పక్కనున్న వంతలిద్దరూ, ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం, ఆ ఊరి ముచ్చట్లనీ నిన్నటి పేపర్లో వార్తల్నీ మధ్యలో దూరుస్తారు. జనం అదే కథ పదోసారి విన్నా "ఇది మా ఊరి కథ" అనుకుంటారు. బుర్రకథ నాజర్‌ని కన్న గుంటూరు జిల్లా పక్కనే ఉండి ఈ కిటుకుని పరాయి ఆటల్లో వెతుక్కోవడమెందుకు? వెన్నెముక రాసిన కథ. దానికి అటూ ఇటూ వంతలు డైనమిక్.

ప్లేయర్ పట్టించుకోకపోతే క్వెస్ట్ ఏమవాలి?

కూర్చుని ఎదురుచూడకూడదు. "త్వరగా రా బాబూ, మా ఆయన మునిగిపోతున్నాడు" అని ఏడ్చిన మనిషి, మీరు నలభై రోజులు చేపలు పట్టుకుని వచ్చినా అక్కడే నిలబడి అదే మాట అనడం మన ఆటల్లో అతి పెద్ద అబద్ధం.

ప్రతి క్వెస్టుకీ మూడు ముగింపులు రాసుకోండి: ప్లేయర్ తీరిస్తే, వేరెవరో తీరిస్తే, ఎవరూ తీర్చకపోతే. మౌంట్ అండ్ బ్లేడ్ బానర్‌లార్డ్‌లో ఊరి సమస్యలు ఇలాగే ఉంటాయి, తీరనంతకాలం ఆ ఊరిని అవి పీడిస్తూనే ఉంటాయి. మా ఆటలో గుంటూరు మిర్చి యార్డు వేసవి సెలవులకి మూసేలోపు ఒక రైతు టిక్కీలు (మిర్చి బస్తాలు) అమ్ముకోవాలి. మీరు బండి తోలకపోతే ఆయన కోల్డ్ స్టోరేజీలో పెట్టి అప్పు చేస్తాడు. ఆ అప్పు ఇచ్చినవాడు దసరాకి ఆయన ఇంటి ముందు కూర్చుంటాడు. అది ఇంకో క్వెస్ట్. మీరు మొదటిదాన్ని వదిలేశారు కాబట్టే పుట్టింది.

## కోడ్ రాసేటప్పుడు

ప్రోగ్రామ్‌లో దీన్ని ఎలా పెట్టాలి? ఒక్క చిన్న ఉదాహరణ చెప్పండి.

మూడు ముక్కలు: ఏ సంఘటనకి లేవాలి, ఏ పాత్రలు నిండాలి, ఏ షరతులు నిజమవ్వాలి. "రేవు దాటించు" అనే క్వెస్ట్ తీసుకోండి. సంఘటన: నీటిమట్టం ఒక గీత దాటింది. పాత్రలు: లంకలో చిక్కుకున్న మనిషి, ఒడ్డున ఎదురుచూసే మనిషి, పడవ ఉన్న మనిషి. షరతులు: మొదటి ఇద్దరికీ చుట్టరికం ఉండాలి, పడవవాడు బతికుండాలి, ముగ్గురూ వేరువేరు మనుషులై ఉండాలి. పాత్రలు నింపడానికి మనుషుల జాబితాని షరతులతో వడగట్టి, మిగిలినవాళ్ళలో ఒకర్ని తీసుకోవడమే.

"వేరువేరు మనుషులై ఉండాలి" అన్న షరతు రాయడం మేం మరిచిపోయాం. ఒక కాలేజీ ఫెస్టులో, పెద్ద తెర మీద, నలుగురు మేడమ్‌లు చూస్తుండగా మా సరంగు ప్లేయర్ చేతికి ఒక ఉత్తరం ఇచ్చి, దాన్ని తనకే ఇచ్చి రమ్మన్నాడు. ఇచ్చాం. "ఎంతకాలానికి నా క్షేమం అడిగావు నాయనా" అని కళ్ళు తుడుచుకున్నాడు. హాలంతా చప్పట్లు.

ఒకేసారి పది క్వెస్టులు సరిపోతుంటే ఏది ఎంచుకోవాలి?

షరతులు ఎక్కువున్నది. వాల్వ్ కంపెనీలో పనిచేసిన ఎలన్ రస్కిన్ 2012లో జీడీసీ అనే ఆటల తయారీదారుల సమావేశంలో పాత్రల మాటల కోసం ఈ పద్ధతి వివరించాడు. క్వెస్టులకీ అదే పనికొస్తుంది. లోకం గురించిన నిజాలన్నీ ఒక పట్టికలో ఉంటాయి, ప్రతి నియమానికీ కొన్ని షరతులు. అన్ని షరతులూ తీరిన నియమాల్లో ఎక్కువ షరతులున్నదే గెలుస్తుంది.

"వాన పడుతోంది" అన్న ఒక్క షరతుతో ఒక క్వెస్ట్ ఉంది. "వాన పడుతోంది, రాత్రి, ప్లేయర్ ఇదివరకు ఈ ముసలమ్మ మేకని కాపాడాడు" అని ఇంకోటి ఉంది. రెండోది అరుదుగా కుదురుతుంది, కుదిరినప్పుడు దాన్ని వదులుకోకూడదు. లాటరీ వేస్తే అది ఎప్పటికీ రాదు. ఒకసారి వచ్చింది కొన్నాళ్ళు మళ్ళీ రాకుండా విరామం పెట్టడం మరవకండి.

నాలుగొందల మంది ఎన్పీసీలు ఆలోచిస్తుంటే నా సిస్టమ్ ఆగిపోతోంది.

ఎన్పీసీలంటే ప్లేయర్ కాకుండా ఆటే నడిపే మనుషులు. వాళ్ళందరూ ఆలోచించనక్కర్లేదు. స్టాకర్‌లో ఏ-లైఫ్ అనే ఏర్పాటు మనుషుల్ని రెండు రకాలుగా చూస్తుంది. ప్లేయర్‌కి దగ్గరున్నవాళ్ళు పూర్తిగా నడుస్తారు, చూస్తారు, కాలుస్తారు. దూరంగా ఉన్నవాళ్ళు మ్యాపు మీద చుక్కలు. రెండు చుక్కలు ఎదురుపడితే ఫలితం లెక్కతో తేలిపోతుంది.

మీరు బెంజ్ సర్కిల్‌లో ఉంటే తెనాలిలో ఉన్న మనిషి మెట్లు దిగుతున్నాడా లేదా అన్నది అనవసరం, గంటకోసారి "ఇంట్లో ఉన్నాడా, పొలంలో ఉన్నాడా" అంటే చాలు. మేం దూరపు మనుషుల్ని ఆట గంటకి ఒక్కసారే కదుపుతాం. ఫ్యాన్ మోత తగ్గింది.

సేవ్ చేసి లోడ్ చేస్తే క్వెస్ట్ మారిపోతోంది.

నిండిన పాత్రల్ని సేవ్ ఫైల్లో రాయకుండా లోడ్ అయ్యాక మళ్ళీ ఎంచుతున్నారు. ఒకసారి నిండిన పేర్లు, గడువు, దశ అన్నీ రాసి పెట్టండి. రాండమ్ సీడ్ (లాటరీ అంకెలన్నీ ఏ అంకె నుంచి పుడతాయో అది) కూడా దాచండి. లేకపోతే మంచి బహుమతి వచ్చేదాకా లోడ్ కొట్టే మహానుభావులు ఉంటారు.

క్వెస్ట్ ఇచ్చిన మనిషినే ప్లేయర్ చంపేస్తే?

పెద్ద ఆటలు రెండు దారులు పట్టాయి. 2002లో మారోవిండ్ చంపనిచ్చేది, ముఖ్యమైనవాణ్ని చంపితే "విధి దారం తెగిపోయింది, పాత సేవ్ తెరువు, లేదా ఈ పాడైన లోకంలోనే బతుకు" అన్న అర్థం వచ్చే సందేశం చూపేది. స్కైరిమ్‌లో ముఖ్యమైనవాళ్ళు మోకాళ్ళ మీద కూలబడి మళ్ళీ లేస్తారు. నాకు మారోవిండ్ నిజాయితీ ఇష్టం.

డైనమిక్ క్వెస్టుల్లో ఇంకా మంచి దారి ఉంది: బాధ్యత వారసులకి పోవాలి. మనిషి పోయాక అప్పు కొడుక్కి వచ్చినట్టే. అందుకు ప్రతి ఎన్పీసీకి కనీసం ఒక చుట్టం ఉండాలి. ఆ కొడుకు మీ దగ్గర బాకీ అడగడానికి వచ్చినప్పుడు, నాన్నని చంపింది మీరేనని అతనికి తెలుసా లేదా అన్నది ఒక్క నిజం-అబద్ధం గడి. ఆ గడి మీదే మా ఆటలో అన్నిటికన్నా మంచి సీను నడుస్తోంది.

## తెలుగులో రాసేటప్పుడు

టెంప్లేట్‌లో పేరు పెడితే వాక్యం విరిగిపోతోంది. "ఊరులో", "ఇల్లుకి", "3 దొంగలు" అని వస్తోంది.

ఇంగ్లీషు టెంప్లేట్లని తెలుగులోకి దించితే ఇంతే. అక్కడ పేరు మారదు, ముందు ఒక చిన్న మాట చేరుతుంది. మన దగ్గర పేరే రూపం మారుస్తుంది. ఇల్లు, ఇంటికి, ఇళ్ళు, ఇళ్ళకి. ఊరు, ఊరికి, ఊళ్ళు, ఊళ్ళకి. బళ్ళో చదివి పరీక్షతో పాటు వదిలేసిన ఔపవిభక్తికాలు ఇక్కడ ఎదురొస్తాయి.

పరిష్కారం సులువే. ప్రతి నామవాచకానికీ నాలుగు రూపాలు చేత్తో రాసి పెట్టండి: ఏకవచనం, విభక్తి చేరే ఏకవచనం, బహువచనం, విభక్తి చేరే బహువచనం. "ఊరు, ఊరి, ఊళ్ళు, ఊళ్ళ". వీటికి కి, తో, నుంచి అతుక్కుంటాయి. ఊళ్ళో, ఇంట్లో లాంటివి మాత్రం విడిగా ఇంకో గడిలో పెట్టండి, నియమం రాయడానికి పోకండి. మాకు 300 మాటలకి రెండు ఆదివారాలు పట్టింది.

అంకెల్లో మనుషులు వేరు, మిగతావి వేరు. ముగ్గురు దొంగలు, మూడు తోడేళ్ళు. ప్రతి మాటకీ "మనిషా కాదా" అని గుర్తు పెట్టుకోవాలి. క్రియకి కూడా అదే గుర్తు కావాలి: వచ్చాడు, వచ్చింది, వచ్చారు. మర్యాద మాత్రం మనిషి గుణం కాదు, ఇద్దరి మధ్య సంబంధం. అదే శాంతమ్మ గురించి ఆమె అత్త "వచ్చింది" అంటుంది, కోడలు "వచ్చారు" అంటుంది.

అన్నయ్యా, ప్లేయర్ పరపతి చూపించడానికి మీటర్ ఎక్కడ పెట్టాలి?

తీసేయమ్మా, మనకి మీటర్ అక్కర్లేదు. పిలుపే మీటర్. తెలుగులో ఆట చేయడంలో మనకి అయాచితంగా దొరికిన వరం ఇదొక్కటే, అందుకే దీని గురించి నేను ఎంతసేపైనా మాట్లాడతాను.

కొత్తగా రేవుకి వచ్చినప్పుడు "ఎవరు నువ్వు? ఏం కావాలి?" నాలుగు పనులు చేశాక "ఏం బాబూ, ఇటొచ్చావు?" ఇంకా దగ్గరయ్యాక "ఏరా, తిన్నావా?" ఊరిని వరద నుంచి కాపాడాక అదే మనిషి నలుగురిలో ఉంటే "రండి రండి, కూర్చోండి" అంటాడు, ఒంటరిగా ఉంటే మళ్ళీ "ఏరా". భయపెట్టి పని చేయించుకుంటే "అయ్యగారూ".

దీన్ని ఒకే గీత మీద కొలవకూడదు. చనువు ఒక అంకె, గౌరవం ఇంకో అంకె. ఎందుకంటే "మీరు" అన్న మాట గౌరవంతోనూ వస్తుంది, దూరంతోనూ వస్తుంది. మా ఆటలో చేపలమ్మే ముసలామె మొదటి రోజు నుంచీ ప్లేయర్‌ని "అబ్బాయ్" అంటుంది. ఆమె పడవని అమ్ముకున్నవాడు మర్నాడు ఎదురుపడితే ఆమె తిట్టదు. "చెప్పండి, మీకేం కావాలి?" అంటుంది. గుంటూరు నుంచి వచ్చే కుర్రాడు ఆ మాట విని ల్యాప్‌టాప్ మూసేసి కాసేపు పిట్టగోడ దగ్గర నిలబడ్డాడు. ఎర్రగా తగ్గిపోయే ఏ మీటరూ అంత పని చేయలేదు.

ఒత్తులు, గుణింతాలు విడివిడిగా కనపడుతున్నాయి.

యూనిటీలో టెక్స్ట్‌మెష్ ప్రో వాడుతున్నారు కదా? అది అక్షరాల్ని పక్కపక్కన పేరుస్తుందే తప్ప తెలుగు కూర్పు చేయదు. గొడో 4 అనే ఇంజిన్‌లో హార్ఫ్‌బజ్ (అక్షరాల్ని కూర్చే లైబ్రరీ) ఉంది, తెలుగు ఫాంటు పెడితే సరిగ్గా వస్తుంది. మేం అందుకే ఇంజిన్ మార్చాం.

చాట్‌జీపీటీ లాంటిదాన్ని పెట్టేస్తే క్వెస్టులన్నీ అదే రాసేయదా?

మాటలు రాస్తుంది. స్కైరిమ్‌కి మాంటెల్లా అనే మాడ్ (అభిమానులు ఆటకి చేర్చిన అదనపు ముక్క) ఉంది, ఎన్పీసీలతో నోటికొచ్చినట్టు మాట్లాడొచ్చు. కాసేపు వింతగా ఉంటుంది. ఇబ్బంది ఎక్కడంటే, ఆ మోడల్‌కి మీ లోకం తెలియదు. "ఉండవల్లి గుహల వెనక నా తాత పాతిపెట్టిన బిందె ఉంది" అని కమ్మగా చెబుతుంది. ప్లేయర్ అక్కడికెళ్ళి రాయి రాయీ తవ్వుతాడు. బిందె లేదు, ఎందుకంటే ఆ బిందెని ఎవరూ లోకంలో పెట్టలేదు.

వాడాలనుకుంటే తీర్పు లోకం చేతిలోనే ఉంచండి. ఎవరికి ఏం కావాలో, అది ఎక్కడుందో మీ కోడ్ తేల్చాలి. మోడల్ దాన్ని మాటల్లో పెట్టాలి, అంతే. ఇంకో సంగతి, చాలా మోడళ్ళలో అదే విషయం ఇంగ్లీషులో కంటే తెలుగులో చెప్పడానికి ఎక్కువ టోకెన్లు (మోడల్ మాటల్ని విడగొట్టి లెక్కించే ముక్కలు) ఖర్చవుతాయి. బిల్లు చూసుకోండి.

## పరీక్షించేటప్పుడు

ప్రతి క్వెస్టూ ఆడి చూడలేం కదా, టెస్టింగ్ ఎలా?

ప్లేయర్ లేకుండా ఆటని రాత్రంతా నడపండి. బొమ్మలు ఆపేసి, ఆట కాలాన్ని పరిగెత్తించి, పుట్టిన ప్రతి క్వెస్టునీ ఒక ఫైల్లో రాయించండి. పొద్దున్నే మూడు చూడాలి: ఒక్కసారి కూడా పుట్టనివి, మరీ ఎక్కువ పుట్టినవి, మొదలై ఎటూ తేలనివి. మాకు మొదటి రాత్రి ఒకే మేక కొన్ని వందలసార్లు తప్పిపోయింది. తోడేలుకీ ముసలమ్మకీ మధ్య దాని బతుకు ఎలా గడిచిందో దేవుడికే తెలియాలి.

రెండో రాత్రి ఇంకా ఘోరం, ఊరి బియ్యం సున్నాకి వెళ్ళి అందరూ అందరినీ బియ్యం అడిగారు. అందుకని ప్రతి అంకెకీ అది మెల్లగా తిరిగొచ్చే ఒక మామూలు స్థాయి పెట్టండి.

ఫ్రెండ్స్‌తో ఆడించాను. ఇదంతా డైనమిక్ అని వాళ్ళు గమనించనే లేదు.

అందరికీ జరిగేదే. లోపల ఎంత లెక్క నడిచినా, కారణం పైకి వినపడకపోతే ప్లేయర్‌కి అది రాసి పెట్టిన క్వెస్టే. షాడో ఆఫ్ మోర్డార్ ఇక్కడే గెలిచింది. మిమ్మల్ని చంపిన ఆర్క్ (అందులో రాక్షస శత్రువు) పదవి పెంచుకుంటాడు, మళ్ళీ ఎదురైతే ఆట ఆపి, వాడి మొహం దగ్గరగా చూపించి, క్రితంసారి ఏం జరిగిందో వాడి చేతే చెప్పిస్తుంది. తప్పించుకుని పారిపోతే పారిపోయావని ఎగతాళి, నిప్పులో కాల్చి వదిలేస్తే మొహం నిండా మచ్చలు.

కాబట్టి ప్రతి క్వెస్టులో మొదటి వాక్యం కారణంతో మొదలవ్వాలి, ఆ కారణంలో ప్లేయర్ చేసిన పని ఉండాలి. "నాకు పది టిక్కీలు తెచ్చిపెట్టు" కాదు. "నువ్వు మొన్న తూము తెరిచావు కదా, నా కళ్ళం మునిగింది. ఇప్పుడు పది టిక్కీలు ఎక్కణ్నుంచి తెస్తావో తే." ఈ ఒక్క మార్పు తర్వాత అదే ఫ్రెండ్స్ "ఇది మాకు వేరేలా వచ్చింది, నీకెలా వచ్చింది?" అని ఒకళ్ళనొకళ్ళు అడుక్కున్నారు.

ఇంట్లో "ఈ ఆట ఎప్పటికి అవుతుంది?" అని అడుగుతున్నారు. ఏం చెప్పమంటారు?

మొత్తం ఆట అని చెప్పకండి. ఒక రేవు, పన్నెండుమంది మనుషులు, మూడు కదిలే అంకెలు. సెలవుల్లో కూర్చుంటే రెండు నెలల పని. అది నడిచాక మీ నాన్నగారి చేతికే ఇచ్చి ఆడమనండి. మా నాన్న ఒక గంట ఆడి, పడవవాడి దగ్గర బేరం కుదరక, "వీడు మన కాలవ గట్టు సుబ్బయ్యలా ఉన్నాడ్రా" అన్నారు. ఆ తర్వాత కరెంటు బిల్లు గురించి అడగడం మానేశారు.